గొట్టం పెట్టిన చేతులు

పోయిన నెల కళ్ళద్దాలు మార్పించుకుందామని వెళితే, అక్కడి పడుచు డాక్టరమ్మ నా ఎడమ కంటి పైరెప్ప ఎత్తి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. "కిందికి చూడండి మేడమ్. ఇంకొంచెం. ఇక్కడ గులాబీ రంగులో ఏదో ఉంది, ఏమిటిది?" అని అడిగింది.

"పెదవి" అన్నాను.

నాకు వినబడలేదనుకుని మళ్ళీ అడిగింది. కింది పెదవి లోపలి పొర కొంచెం కోసి అక్కడ కుట్టారనీ, అది చాలా ఏళ్ళ కిందటి మాటనీ చెప్పాను. ఆమె లేచి వెళ్ళి ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చింది. ఒకరి తర్వాత ఒకరు ఆ యంత్రం ముందు కూర్చుని నా కన్ను చూశారు. వాళ్ళలో జుట్టు నెరిసిన డాక్టరు ఒకాయన, ఇది ఎవరు చేశారని అడిగాడు. పేరు చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. తాను చదువుకునే రోజుల్లో ఆయన దగ్గర పని నేర్చుకున్నానన్నాడు. తర్వాత నెమ్మదిగా, "పోయారు కదమ్మా, రెండేళ్ళవుతోంది" అన్నాడు.

నాకు తెలియదు. అప్పటికే కళ్ళలో చుక్కల మందు వేసి ఉన్నారు కాబట్టి నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన చేసిన పొరపాటు ఒకటి రాయబోతున్నాను. ఆ రెండూ ఒకే కాగితం మీద ఉండడం నాకు ఇష్టం లేదు.

ఆయనతో నా పరిచయం ఢీకొనడంతో మొదలైంది. నేనప్పుడు ఎం.ఏ. ముగించి యూనివర్సిటీలోనే పరిశోధనకు చేరాను. మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. క్వార్టర్స్ నుంచి తార్నాక మీదుగా నడిచే వెళ్ళేదాన్ని. ఒకనాటి పొద్దున, సీతాఫలం పొదల పక్కనున్న కాలిబాట మీద, కుడివైపు నుంచి వస్తున్న ఒక మనిషిని నేరుగా వెళ్ళి గుద్దాను. పుస్తకాలు కిందపడ్డాయి. యాభై ఏళ్ళ మనిషి, బక్కపలచగా ఉన్నాడు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. చూసుకుని నడవొద్దా అని గట్టిగానే అడిగాను.

ఆయన పుస్తకాలు తీసివ్వలేదు, క్షమాపణ చెప్పలేదు. నా ముఖంలోకి వంగి చూశాడు.

"నువ్వు నన్ను చూడలేదు బిడ్డా. చూసి గుద్దుడు వేరే ఉంటది. నువ్వు చూడకనే గుద్దినవు" అన్నాడు.

నేను పుస్తకాలు ఏరుకుంటున్నాను. "జర ఎడమ కన్ను మూసుకో" అన్నాడు. పిచ్చివాడేమోననుకున్నాను. కానీ ఆ గొంతులో ఏదో తొందర ఉంది, ఇల్లు అంటుకుందని చెప్పేవాడి తొందర. అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నాను. యూనివర్సిటీ లేదు. చెట్లు లేవు, బాట లేదు, ఆయన లేడు. పొగమంచులాంటి బూడిద రంగు ఒకటి ఉంది, అంతే. నా కుడి కన్ను ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. రెండో కన్ను దాని పని కూడా తానే చేస్తూ వచ్చింది.

చెయ్యి తీశాను, మళ్ళీ మూసుకున్నాను, మళ్ళీ తీశాను. ఆయన మాత్రం నా చుట్టూ తిరుగుతూ ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. దీపాల చుట్టూ రంగుల చక్రాలు కనబడతాయా, తెల్లవారుజామున తల నొప్పి లేస్తుందా, ఇంట్లో ఇంకెవరికైనా చూపు పోయిందా. అన్నింటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. దాన్ని గ్లాకోమా అంటారనీ, మన పెద్దవాళ్ళు నీటికాసులనేవారనీ, కంటి లోపలి నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోతే వత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుందనీ ఆ బాట మీదే చెప్పాడు. పోయిన కన్ను రాదనీ, మిగిలిన కంటికీ అదే పట్టుకుని ఉంటుందనీ కూడా అక్కడే చెప్పాడు. మంచి మాటల్లో చుట్టి చెప్పడం ఆయనకు రాదు.

నిలకడలేని మనిషి. కుర్చీలో కూర్చోగా నేను చూసింది తక్కువ. తార్నాకలో ఆయన అద్దెకున్న ఇంటికి వెళితే, కిటికీ గట్టు మీద, అరుగు మీద, పూలకుండీల మధ్య సగం తాగిన టీ కప్పులుండేవి. భార్య వాటిని ఏరుకుంటూ తిరిగేది, తిట్టకుండా. రోడ్డు మీద బస్సు కండక్టర్ల ముఖాలు, కూరగాయలమ్మే వాళ్ళ ముఖాలు ఆగి చూసేవాడు. గడ్డం కింద వేలు పెట్టి ముఖం వెలుగు వైపు తిప్పేవాడు. మెట్టుగూడ దగ్గరొక కటిక దుకాణం వాడు ఆయన కోసం మేక కళ్ళు తీసి పెట్టేవాడు. వాటిని స్టీలు డబ్బాలో తెచ్చుకుని వరండాలో టేబులు మీద పెట్టుకుని, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్లు వేసి విప్పేవాడు. ఒకసారి ఆ డబ్బా అన్నం డబ్బా అనుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. అప్పటినుంచి భార్య దాని మూత మీద ఎర్ర రంగు పూసి పెట్టింది.

ఎవరి కన్ను చూసినా చివర ఒకే మాట అనేవాడు: "మంచిగనే ఉన్నది. నాకైతే తృప్తి లేదు."

నా ఎడమ కంటికి మొదట అందరికీ చేసే ఆపరేషనే చేశాడు. కంటి తెల్లభాగంలో చిన్న దారి తెరిచి నీళ్ళు బయటికి వదలడం. వయసులో ఉన్న ఒళ్ళు, గాయం తొందరగా మానింది. మానకూడని చోట కూడా మానింది, దారి మూసుకుపోయింది. వత్తిడి మళ్ళీ పెరిగింది. మాత్రలు వేసుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కేవి, సోడా తాగితే చప్పగా ఉండేది. పుస్తకంలో వరస చివరి మాటలు కనబడడం మానేశాయి. అప్పుడు ఆయన మా ఇంటికి వచ్చి, గొట్టం సంగతి చెప్పాడు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి లోపల పెడితే దారి మూసుకుపోదు. ఎక్కడెక్కడో చేస్తున్నారు, తాను కొద్దిమందికే పెట్టాడు. మంచి ఎంతో చెడు ఎంతో తనకే ఇంకా పూర్తిగా తెలియదు. అంతా చెప్పి, వద్దంటే వద్దనండి అన్నాడు. వద్దంటే ఏమవుతుందని నాయిన అడిగాడు. "కొన్నొద్దులకు గీ కన్ను గూడ పోతది" అన్నాడు. నాయిన సరేనన్నాడు.

గొట్టం పనిచేసింది. పుస్తకంలో వరసల చివర్లు తిరిగి రాలేదు గానీ, ఉన్నవి పోవడం ఆగింది. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. పొద్దున నడకకు బయల్దేరి యూనివర్సిటీ వైపు వెళ్ళాల్సిన మనిషి లాలాగూడ వైపు తిరిగేవాడు. మా గడపలో నిలబెట్టి, జేబులోంచి చిన్న టార్చి తీసి కంట్లోకి చూసేవాడు. పాలవాడి కన్నా ముందు డాక్టరొస్తాడని పక్క క్వార్టర్స్ వాళ్ళు నవ్వేవాళ్ళు. మా అమ్మ ఇచ్చిన టీ సగం తాగి నల్లా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం లేచింది. తరగతులు ఆగిపోయాయి, బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు నడవలేదు. నా కాగితాలు డిపార్ట్‌మెంటులో ఉండిపోయాయని ఒక మధ్యాహ్నం తెచ్చుకోవడానికి వెళ్ళాను. తిరిగి వస్తుంటే గేటు వైపు నుంచి పిల్లలు పరుగెత్తుకొస్తున్నారు, వెనక టియర్ గ్యాస్ పొగ. నేనూ పరుగెత్తాను. కళ్ళు మండిపోతుంటే కొంగుతో రుద్దుకున్నాను. ఒక నల్లా దొరికితే నీళ్ళు కొట్టుకున్నాను. మంట తగ్గింది, కానీ కొత్తది ఒకటి మొదలైంది. రెప్ప వేసినప్పుడల్లా లోపల ముల్లులాంటిది గీరుకుంటోంది.

ఇంటికి వెళ్ళకుండా తార్నాకలో ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నన్ను చూడగానే గడ్డం పట్టి వెలుగుకు తిప్పి, రెప్ప ఎత్తాడు. టార్చి వేశాడు. ఆర్పాడు. మళ్ళీ వేశాడు. తర్వాత లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల నల్లా నీళ్ళ చప్పుడు. ఆయన భార్య వచ్చి నా పక్కన నిలబడింది. "చేతులు కడుక్కుంటున్నరు" అంది. నీళ్ళు ఆగలేదు. ఆమె లోపలికి తొంగి చూసి, తిరిగి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసింది.

తడి చేతులతో బయటికి వచ్చి ఆయన నా ముందు నిలబడ్డాడు.

"గొట్టం బయటికి తేలింది బిడ్డా. పైనున్న పొర పల్చబడి చినిగింది."

"పొగకేనా సార్? నేను బాగా రుద్దిన" అన్నాను.

అవుననడం ఎంత సులువో నాకు అప్పుడే తట్టింది. ఆ రోజు ఊరంతా ఆ పొగనే తిట్టుకుంటోంది.

"పొగకు గాదు, రుద్దితె గాదు" అన్నాడు. "ఒక్క దినంల గిట్ల గాదు. నేను గొట్టాన్ని పొడుగు ఉంచిన, పైన పొర తక్కువ కప్పిన. నిన్న పొద్దుగాల మీ గడపల చూసినప్పుడే అక్కడ ఎర్రగున్నది. నిద్ర లేక ఎర్రగుందనుకున్న. గది నా తప్పు."

చీము పడితే ఆ గొట్టం వెంటే లోపలికి పోతుందని, అప్పుడు కన్ను ఎవరూ కాపాడలేరని చెప్పాడు. మందు వేసి కట్టు కట్టాడు. ఉన్న ఒక్క కన్నూ కట్టేస్తే నాకు దారి కనబడదు. బస్సుల్లేవు. నన్ను చెయ్యి పట్టుకుని తార్నాక నుంచి లాలాగూడ దాకా నడిపించుకొచ్చాడు. దారి పొడుగునా ఆయన నడక నాకు అందలేదు. ముందుకు లాక్కుపోయేవాడు, గుర్తొచ్చి ఆగేవాడు, మళ్ళీ లాగేవాడు. చేతి వేళ్ళు చల్లగా ఉన్నాయి.

నాయిన పని నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, నూనె వాసన తెలిసింది. డాక్టరు గడపలోనే నిలబడి అంతా చెప్పాడు, వరండాలో నాకు చెప్పినట్టే, తన తప్పుతో సహా. గొట్టం కొంచెం కత్తిరించి, లోపలికి సర్ది, పైన కొత్త పొర కప్పాలి. రెండు ఆపరేషన్లతో కంటి మీది పొర అంతా బిగుసుకుపోయింది, కప్పడానికి మిగల్లేదు. పెదవి లోపలి నుంచి తీసి కప్పాలి.

 మా అమ్మ ఏడుస్తోందని ముక్కు చీదిన చప్పుడును బట్టి తెలిసింది.

"మొదలు కోసినరు. మల్ల గొట్టమన్నరు. ఇప్పుడు నోరు గూడ కోస్తమంటున్నరు" అన్నాడు నాయిన. అరవలేదు. నాయిన అరవనప్పుడే మాకు భయం. "ఇంకెన్నిసార్లు సార్?"

"తెల్వదు" అన్నాడాయన. "మీరు మద్రాసు తీస్కపోతనంటె నేనే రాసిస్త. నాకంటె పెద్దోళ్ళున్నరు ఆడ."

రైళ్ళు కూడా నడవని రోజులవి, ఆ సంగతి రైల్వే మనిషికి తెలుసు. నాయిన ఈ ఊళ్ళోనే ఇంకెవరూ లేరా అని అడిగాడు.

"మా పెద్దసారు ఉన్నడు. నాకంటె మంచి చెయ్యి. కాకపోతె ఆయన గొట్టం ఎన్నడు పెట్టలే, తియ్యలే. అది ఏడున్నదో, ఎట్ల వంగి ఉన్నదో నాకు తెలుసు. పెట్టింది నేను."

నాయిన నా వైపు తిరిగాడని కట్టులోంచే తెలిసింది. నిజం చెప్పాలంటే, నేను ఆయన్ను నమ్మి ఒప్పుకోలేదు. ఒళ్ళంతా కోపంగా ఉంది. "మీరే పెట్టినరు కద. మీరే సర్దండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే డాక్టరు రిక్షా మాట్లాడుకుని గల్లీల్లోంచి వచ్చి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అప్పట్లో మత్తు కంటికే, మనిషి మెలకువగానే ఉండాలి. కంటి వెనక సూది, పెదవికి సూది. ముందు పెదవి కోశాడు. నొప్పి లేదు, కానీ కత్తెర చప్పుడు నోట్లోనే వినబడింది. నోటి నిండా దూది. తర్వాత కన్ను.

ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి ఆ రోజు నోరు విప్పలేదు. ఊపిరి చప్పుడు, పనిముట్లు పళ్ళెంలో పెట్టే చప్పుడు, అంతే. ఆ నిశ్శబ్దం నన్ను చంపేసింది. ఏదో పాడైందనుకున్నాను. అడుగుదామంటే నోట్లో దూది. చెయ్యి లేపబోయాను, నర్సు గట్టిగా పట్టుకుంది. నేను కదిలిన సంగతి ఆయనకు తెలిసినట్టుంది.

"చెప్తున్న, చెప్తున్న" అన్నాడు. "ఏం గాలే. గొట్టం కొన కత్తిరించిన. లోపలికి జరుపుతున్న. జరిగింది. దాని మీద ఒక కుట్టు. ఇప్పుడు నీ పెదవి ముక్క పెడుతున్న బిడ్డా. ఎర్రగున్నది. పెద్దగనే తీసిన, ఈసారి తక్కువ కప్పను."

ఆ తర్వాత చివరి కుట్టు దాకా ఆపకుండా చెప్తూనే ఉన్నాడు.

తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టారు. రెండు కళ్ళకూ కట్టు. పెదవి వాచి మాట రాదు, ముక్కున్న గిన్నెతో గంజి పోసేవాళ్ళు. ఆ చీకట్లో నాకు కోపం ఒక్కటే తోడు. ఆయన రోజుకు ఎన్నోసార్లు వచ్చేవాడు. వచ్చి, ఏ రోడ్డు తెరిచారో, తార్నాకలో ఏ దుకాణం మూశారో చెప్పి వెళ్ళేవాడు. ఒకరోజు మాత్రం దుకాణాల సంగతి ఎత్తలేదు. గొట్టం పెట్టిన మిగతా వాళ్ళందరినీ ఇళ్ళకు వెళ్ళి చూస్తున్నానన్నాడు. ఎవరికైనా అట్లాగే అయిందా అని నా నోట్లోంచి ముద్దగా వచ్చింది. "ఒకాయనకు. గోల్నాకల. తలుపు తీస్తలేడు" అన్నాడు.

కట్టు విప్పాక నాకు కిటికీ చువ్వలు కనబడ్డాయి, ఆయన చొక్కా గుండీలు కనబడ్డాయి. ఆయన ముఖం గడ్డం పెరిగి ఉంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు, పెదవి సాగేది కాదు.

కొన్నాళ్ళకు మా ఇంటికి వచ్చి, గోల్నాక దాకా తోడు వస్తావా అని అడిగాడు. తలుపు తీయని ఆ పెద్దాయన దర్జీ అట. రెండో ఆపరేషన్ మాటెత్తితే గడప తొక్కనివ్వడం లేదట. బస్సులో వెళ్తుంటే నాకు చెప్పింది ఒక్కటే: "అబద్ధం చెప్పకు. ఎంత నొప్పైందో అంతనే చెప్పు."

నా గొంతు విని పెద్దాయన తలుపు తీశాడు. గోడ వారన కుట్టు మిషను, దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఒక కన్ను నీళ్ళు కారుతోంది, రెండోది ఎప్పుడో పోయిందట. డాక్టరును లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. నేను దగ్గరగా కూర్చుని కింది పెదవి బయటికి తిప్పి చూపించాను. ఆయనకు కనబడదని తర్వాత తట్టి సిగ్గేసింది. జరిగింది చెప్పాను.

"నొప్పైందా బిడ్డా?"

"అయింది తాతా. ఇప్పటికీ కారం తగిలితె మండుతది."

"చూపున్నదా?"

"అంతకు ముందు ఎంతున్నదో గంత ఉన్నది."

ఆయన నీళ్ళు కారే కన్ను తుడుచుకున్నాడు. "రేపు మల్ల కోస్తనంటె ఒప్పుకుంటవా?"

డాక్టరు గడపలో నిలబడి ఉన్నాడు. అవును అని చెబితే పని అయిపోతుందని నాకు తెలుసు. "తెల్వదు తాతా" అన్నాను.

పెద్దాయన గడప వైపు ముఖం తిప్పాడు. "మల్ల గీ చేతులేనా సారూ?"

"గీ చేతులే. నాకు వేరే లేవు."

పెద్దాయన మిషను మీది గుడ్డను నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత, ఎప్పుడు రావాలని అడిగాడు.

తిరుగు దారిలో నేను అవునని చెప్పనందుకు ఆయనేమైనా అంటాడేమోననుకున్నాను.  అంబర్‌పేట దాకా నడిచాడు, బస్సు సంగతే మరిచిపోయి. నేను వెనక పరుగెత్తాను.

పెద్దాయన కట్టు విప్పే రోజు నన్నూ రమ్మన్నాడు. ఆయనకు అప్పటికే చాలా నష్టం జరిగిపోయింది. నొప్పి పోయిందనీ, నీళ్ళు కారడం ఆగిందనీ అన్నాడు. కుట్లు నిలిచాయి, పొర అతుక్కుంది. డాక్టరు టార్చి ఆర్పి, వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ తెరిచి, అక్కడే ఆగి అడిగాడు, ఏం కనబడుతోందని.

"వెలుగున్నది" అన్నాడు పెద్దాయన. ముఖం కొంచెం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "వెలుగుల నడుమ ఏదో నల్లగ అడ్డమున్నది సారూ."

"నేనే" అన్నాడు డాక్టరు.  "అది నేనే తాతా."

"మరి జర పక్కకు జరుగు" అన్నాడు పెద్దాయన.

డాక్టరు జరిగాడు.